సాపర్ అధికారి పదవీ విరమణ: పటాలంలో వీడ్కోలు, ఊళ్లో సన్మానం

భారత సైన్యంలో అధికారులు నెలాఖరు తేదీన పదవీ విరమణ చేస్తారు. కర్నల్‌కు 54 ఏళ్లు, బ్రిగేడియర్‌కు 56, మేజర్ జనరల్‌కు 58, లెఫ్టినెంట్ జనరల్‌కు 60 నిండిన నెలలో చివరి రోజే కొలువుకు చివరి రోజు. వీడ్కోలు సందడి మాత్రం అంతకు ముందు నుంచే మొదలవుతుంది. ఇంజనీర్ల దళంలో ఈ వీడ్కోలు తీరు, అదే అధికారికి సొంత ఊళ్లో జరిగే సన్మానం తీరు వేరువేరు. రెండూ తెలిస్తేనే ఆ గౌరవం నిండుగా ఉంటుంది.

సైన్యంలో ఇంజనీర్లను సాపర్లు అంటారు. వారికి మూడు గ్రూపులున్నాయి: బెంగళూరులో మద్రాస్, రూర్కీలో బెంగాల్, పుణె దగ్గర ఖడ్కీలో బాంబే. తెలుగు కుర్రాళ్లు ఎక్కువగా చేరేది మద్రాస్ సాపర్లలో. 1780లో రెండు కంపెనీలతో మొదలైన దళమిది. దీని సైనికులను సైన్యమంతా ‘తంబీలు’ అని ఆప్యాయంగా పిలుస్తుంది. శత్రువు ముళ్లకంచెను పేల్చి దారి చేసే బెంగళూరు టార్పెడో 1912లో పుట్టింది ఈ దళంలోనే. అధికారులు చదువుకునేది పుణె దాపోడిలోని మిలిటరీ ఇంజనీరింగ్ కాలేజీలో. ఆ తర్వాతి ముప్పై ఏళ్లలో యుద్ధ రంగంలో వంతెనలు, మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్‌లో కంటోన్మెంటు కట్టడాలు, 1960లో ఏర్పడిన సరిహద్దు రహదారుల సంస్థలో కొండ రోడ్లు, ఇలా పని మారుతూ పోతుంది.

ఇంజనీరు అధికారిని సన్మానించడంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆయన చేసిన పని చాలావరకు కంటికి కనబడదు. బెయిలీ వంతెన సంగతే తీసుకుంటే, దాని ఒక్కో ఇనుప ప్యానెల్ పొడవు పది అడుగులు, బరువు దాదాపు 260 కిలోలు. ఆరుగురు జవాన్లు కడ్డీలు దూర్చి, ఒకే మాట మీద ఎత్తి, పక్క ప్యానెల్ కన్నానికి సరిగ్గా ఆనిస్తే మరొకరు పిన్ను దిగగొడతారు. క్రేను అక్కర్లేదు. ఈ ఒడ్డునే రోలర్ల మీద వంతెన కడుతూ, తేలికైన ముక్కు భాగాన్ని ముందుంచి, వెనక బరువు సరిచూసుకుంటూ అవతలి ఒడ్డుకు నెట్టుకుపోతారు. ఆ బరువు లెక్క తప్పితే వంతెన ఏట్లో పడుతుంది. ఆ లెక్కకు పూచీ అధికారిదే. 2024లో వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడ్డాక చూరల్‌మల దగ్గర మద్రాస్ సాపర్లు 190 అడుగుల వంతెనను జూలై 31 రాత్రి మొదలుపెట్టి మర్నాటి సాయంత్రానికి పూర్తి చేశారు. అది 24 టన్నుల బరువు మోయగల వంతెన. ఇలాంటి వంతెనలను అవసరం తీరాక విప్పి మరో చోటికి తీసుకుపోతారు. మందుపాతరలు తీసిన నేలా అంతే, పని బాగా చేస్తే అక్కడ ఏమీ మిగలదు.

మన దగ్గర కూడా సాపర్లను చూశాం. 2024 సెప్టెంబరు వరదల్లో కోదాడ మునిగింది. అదే వానలకు విజయవాడలో బుడమేరు కట్ట తెగితే ఇనుప వల బుట్టల్లో రాళ్లు నింపి గండి పూడ్చడానికి సైనిక ఇంజనీర్లు చేయి వేశారు. నల్లగొండ జిల్లాకు నీళ్లు తేవాల్సిన శ్రీశైలం ఎడమ గట్టు కాలువ సొరంగం 2025 ఫిబ్రవరి 22న కూలినప్పుడు లోపలికి వెళ్లిన సహాయక బృందాల్లోనూ వారున్నారు.

పటాలంలో వీడ్కోలుకు మూడు నాలుగు ఘట్టాలుంటాయి. సైనిక్ సమ్మేళన్‌లో అధికారి జవాన్లతో చివరిసారి మాట్లాడతారు. తర్వాత బడాఖానా. అధికారులు, సుబేదార్లు, జవాన్లు ఒకే చోట భోంచేస్తారు. మామూలు రోజుల్లో దూరంగా నిలబడే జవాను ఆ పూట అధికారి పక్కనే కూర్చుని కబుర్లు చెబుతాడు. మెస్‌లో జరిగే విందు మాత్రం పద్ధతి ప్రకారం సాగుతుంది: యూనిఫాం, బ్యాండు, రాష్ట్రపతి పేర టోస్టు, ఆపైన వీడ్కోలు ప్రసంగాలు. చివరి రోజు పూలతో అలంకరించిన జీపుకు తాళ్లు కడతారు. ఇంజను ఆపేసి, తోటి అధికారులు, సుబేదార్లు ఆ తాళ్లు పట్టి గేటు దాకా లాగుతారు. ముప్పై ఏళ్లు ఆజ్ఞ ఇచ్చిన మనిషిని ఆజ్ఞ లేకుండానే లాగుతారు కనుక, ఈ ఘట్టాన్ని మించిన గౌరవం మరొకటి లేదు. ఇంజనీర్ల దళం నుంచి సైన్యాధిపతి అయిన తొలి అధికారి జనరల్ మనోజ్ పాండే 2024 జూన్ 30న విరమించినప్పుడు ఢిల్లీ సౌత్ బ్లాక్ ముందు గౌరవ వందనం అందుకున్నారు. అంతటి పదవిలో లేని వారికి ఆ జీపే గౌరవ వందనం.

ఊళ్లో తీరు వేరు. ఉమ్మడి నల్లగొండ ప్రాంతాన్నే తీసుకుంటే, మిర్యాలగూడ స్టేషన్‌లో రైలు దిగినా, హైవే మీదుగా సూర్యాపేట, కోదాడ చేరినా బంధువులు, మాజీ సైనికులు, చదువుకున్న బడి పిల్లలు ఎదురొస్తారు. డప్పులు, పూలదండలు, ఓపెన్ టాప్ జీపులో ఊరేగింపు, ఇంటి గడప దగ్గర హారతి. సాయంత్రం సభలో శాలువా, జ్ఞాపిక, సన్మాన పత్రం. లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో 2020 జూన్ 15న అమరుడైన కర్నల్ సంతోష్ బాబు సొంత ఊరు సూర్యాపేట కావడంతో, సైనికాధికారి అంటే ఈ ప్రాంతంలో ప్రతి ఇంటికీ ప్రాణసమానమైన మాట.

అయితే మన సన్మాన పత్రాల్లో బలహీనత ఒకటుంది. ‘దేశసేవలో తరించిన’, ‘నిస్వార్థ’ వంటి మాటలు ఏ అధికారికైనా సరిపోతాయి. సాపర్ అధికారి పత్రంలో ఏ సంవత్సరం ఎక్కడ పని చేశారో, ఏ వాగు మీద ఎన్ని అడుగుల వంతెన వేశారో, ఏ కనుమ రోడ్డులో మంచు తొలగించారో, ఏ వరదలో ఎవరిని దాటించారో ఉండాలి. రహస్యమైనవి వదిలేసినా చెప్పుకోదగినవి బోలెడు మిగులుతాయి. వాటిని రాబట్టడానికి సభకు పది రోజుల ముందే అధికారి దగ్గర కూర్చోవాలి. ఆయన తనంతట తాను చెప్పరు. కాబట్టి ఆయన కింద పనిచేసిన హవల్దారునో, సుబేదారునో పిలిపించి మాట్లాడించడం ఇంకా మంచిది. వేదిక మీద మొదటి ప్రసంగం కూడా వారికే ఇవ్వాలి, నాయకులకు తర్వాత.

పేరు రాయడంలోనూ పద్ధతుంది. అధికారులు విరమణ తర్వాత కూడా హోదాను పేరుకు ముందు వాడుకోవచ్చు, చివర ‘రిటైర్డ్’ అని చేర్చాలి. జవానుగా చేరి సుబేదార్, సుబేదార్ మేజర్ దాకా ఎదిగిన వారిలో కొందరికి గణతంత్ర, స్వాతంత్ర్య దినోత్సవాల సందర్భంగా గౌరవ లెఫ్టినెంట్, గౌరవ కెప్టెన్ హోదాలు ఇస్తారు. ఆహ్వాన పత్రికలోనూ ఫ్లెక్సీలోనూ ‘గౌరవ’ అన్న మాట వదలకుండా, పతకాల పేర్లు వరుస తప్పకుండా వేయాలి.