షావుకారుకు యాస లేదా?

ఆ మధ్య మొగల్తూరులో ఒక మిత్రుని యింట కథాపఠనం జరిగింది. సముద్రం మీద వేటకు పోయేవారి కథ. రచయిత మనవాడే, అభ్యుదయవాదే. కథ చెప్పే గొంతు "వస్తాడు" అంటుంది; పడవ మీది మనిషి "వత్తాడు" అంటాడు. ఒక మేష్టారు మెచ్చుకుంటూ, "చదువులేనివాళ్ళ భ్రష్టభాషను ఎంత సహజంగా పట్టాడండీ!" అన్నారు. అందరం తలలూపాం. నేనూ వూపాను. ఆ సిగ్గుతోనే యీ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

"వత్తాడు" భ్రష్టమైతే "వస్తాడు" కూడా భ్రష్టమే. "వచ్చు" మీద "తాడు" చేరినప్పుడు మధ్య ఉకారం జారి, చకారం సకారమై "వస్తాడు" వచ్చింది. ఆ దారిలోనే మరో అడుగు "వత్తాడు". మొదటి అడుగు వేసినవాడు శిష్టుడట, రెండో అడుగు వేసినవాడు మోటువాడట! పైగా యిది నోరు తిరగక పలికింది కాదు. చూత్తాడు, చేత్తాడు, మోత్తాడు: ఆ పలుకులో నియమం నియమంగానే నడుస్తుంది. సంస్కృత హస్తం ప్రాకృతంలో హత్థం కాలేదా? హాలుని సప్తశతికి ప్రాకృతంలో పేరు సత్తసఈ. దాన్ని తలచుకొని గర్వించే మనం నరసాపురం రేవులో మనిషి నాలుక అదే పని చేస్తే నవ్వుతాం. "నీళ్ళు" అనలేక "నీల్లు" అంటారని వెక్కిరించేవారిలో బండి ఱను నోట వేరుగా పలికేవారు ఎందరు? రేనాటి చోళుల శాసనాలలో ళకారానికి దగ్గరగా యింకొక అక్షరం వుండేది. నన్నయనాటికే అది దాదాపు మాసిపోయింది. దానికోసం ఏ పండితుడూ కంటతడి పెట్టడు.

తెలంగాణా వారిది ఉర్దూ కలిసిన తెలుగనీ, మనది స్వచ్ఛమనీ అనేవారు యిక్కడ యింకా వున్నారు. మొగల్తూరు జమీందారీ అన్నప్పుడు ఆ "జమీందారీ" ఏ అగ్రహారంలో పుట్టిందో వారే చెప్పాలి. వకీలు, కచేరీ, చివరకు రైతు కూడా అటునుంచి వచ్చిన మాటలే.

1913లో గ్రాంథికవాదులకు ఎదురు నిలిచినప్పుడు గిడుగు రామమూర్తి పంతులు కోరింది శిష్టవ్యావహారికం. ఆనాటికి అది పెద్ద పోరాటమే. వ్రాతలేని సవరభాషకు వ్యాకరణమూ నిఘంటువూ కూర్చిన మనిషి ఆయన. కాని ఆ "శిష్ట" అన్న మాటను తరవాతివాళ్ళం ప్రశ్నించకుండా నెత్తిన పెట్టుకున్నాం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవనీటి పంట ఎవరి గాదెల్లోకి పోయిందో, కాలేజీలూ అచ్చుయంత్రాలూ ఎవరికి అందాయో, వారి పలుకే పత్రికకూ పాఠానికీ ఎక్కింది. తియ్యదనం సంగతి తరవాత కల్పించుకున్నది.

"పరీక్షలో వత్తాడు అని వ్రాస్తే మార్కులు మీరిస్తారా?" అని మేష్టారు అడిగారు. న్యాయమైన ప్రశ్న. బడిభాషను బడిలో నేర్పవలసిందే, మరో రూపంగా. ఆ పిల్లవాడి తల్లి తప్పు మాట్లాడుతోందని మాత్రం నేర్పకూడదు. కథకు ఆ పరీక్ష కూడా లేదు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు కథ చెప్పే గొంతునే చిత్తూరు పల్లె గొంతు చేశారు.

యింటికి వచ్చి ఆ కథను మళ్ళీ చదివాను. అప్పు పత్రం దగ్గర పడవ మనిషి "కడతాను, ఎక్కడికి పోతాను, మల్లీ వత్తాను" అంటాడు. షావుకారు "వస్తావులే" అంటాడు. షావుకారుదీ ఆ వూరే, చదువు నాలుగో తరగతి. అతని మాటలో యాస మచ్చుకైనా లేదు.