ఒక్క ఫైల్లో ఒదిగిన పనితనం
పక్కన మరే ఫైలూ అక్కర్లేకుండా ఒక్క ఈఎక్స్‌ఈతో పనిచేసే విండోస్ ప్రోగ్రామ్ చూస్తే, దాన్ని తయారుచేసినవాళ్ల మీద గౌరవం పెరుగుతుంది. ప్రోగ్రాముకు కావాల్సిన ఏ స్క్రిప్టు ఈఎక్స్‌ఈ లోపలికి వెళ్లాలో ఆర్‌సీ అనే చిన్న టెక్స్ట్ ఫైల్లో ఒక్కో వరుసగా రాస్తారు. రిసోర్స్ కంపైలర్ దాన్ని ఆర్‌ఈఎస్‌గా మారుస్తుంది, లింకర్ ప్రోగ్రాములో కలిపేస్తుంది. ఇక డేటాబేస్‌లో పట్టికలు సృష్టించే ఎస్‌క్యూఎల్ స్క్రిప్టు ఎక్కడా తప్పిపోదు, ఎవరూ పొరపాటున చెరిపేయరు. అవసరమైనప్పుడు ప్రోగ్రామే ఫైండ్‌రిసోర్స్‌తో వెతుక్కుని మెమరీలో చదువుకుంటుంది. ఇలా లోపల చేర్చేవాటిలో నాకు మరీ ఇష్టమైనది వెర్షన్ సమాచారం. నాలుగు సంఖ్యలు, ఒక్కోటి 0 నుంచి 65535 దాకా. వాటితోపాటు పేరు, కాపీరైటు, భాషల వారీగా; తెలుగుకూ అక్కడ 044ఏ అనే సంకేతం ఉంది. ఈఎక్స్‌ఈ ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ తెరిస్తే అన్నీ కనిపిస్తాయి. ఫోన్లో సాయం చేసేవాళ్లకు సగం చిక్కు అక్కడే విడిపోతుంది. మీరు ప్రోగ్రాములు రాసేవాళ్లయితే, ప్రతి విడుదలకూ ఆ సంఖ్యలు మార్చడం మరవకండి.