సీసా మీది సుగంధి

ఖాజీపేట నుండి విజయవాడ పోవు రైలు మార్గములో నెక్కొండ ఒక స్టేషను. వరంగల్లు ప్రాంతపు ఎండలు తెలిసినవారికి, వేసవిలో అట్టి ఊళ్ళలో రైలు దిగినవాడు మొదట దేనిని వెదకునో చెప్పనక్కరలేదు. గ్లాసులో రెండు వ్రేళ్ళ ఎత్తు నల్లని పాకము, దానిపై బుస్సుమను సోడా. పేరు సుగంధి. ఆ పేరు నిజమేనా అన్నదే ప్రశ్న.

సుగంధిపాల సన్నని తీగ. దాని వేరును నలిపినపుడు వచ్చు వాసనకు ముఖ్యకారణము ఒక ఆల్డిహైడు. అందులో 8 కర్బన, 8 ఉదజని, 3 ఆమ్లజని పరమాణువులు కలవు. ఐస్‌క్రీములో వాడు వెనిలిన్‌లోను సరిగా ఇన్నియే. భేదమంతయు అమరికలో. వెనిలిన్‌లో హైడ్రాక్సిలు గుంపు ఆల్డిహైడు గుంపునకు ఎదురు కొనన ఉండును; వేరులోని పదార్థములో దాని ప్రక్కనే ఉండును. వాసనలో కొంత చుట్టరికము ఉన్నందున, వేరు మొగము చూడని పాకము కూడ వెనిలిన్‌తోను, మాడిన చక్కెర రంగుతోను సుగంధిగా చెలామణి కాగలదు. టీమన్, హార్మన్ అను జర్మను శాస్త్రజ్ఞులు 1874లోనే వెనిలిన్‌ను కృత్రిమముగా తయారుచేసిరి.

దీనిని విమర్శించువారు సాధారణముగా తప్పుదారి పట్టుదురు. వేరు మంచిది, రసాయనము చెడ్డది అందురు. వేరులో ఉన్నదియు రసాయనమే కదా! అమెరికాలో రూట్ బీరు అను పానీయమునకు సాసఫ్రాస్ వేరు పరిమళము నిచ్చెడిది. అందులోని సాఫ్రోల్ ఎలుకలకు కాలేయపు క్యాన్సరు కలిగించునని తేలగా, 1960లో అక్కడి ప్రభుత్వము ఆహారములో దానిని నిషేధించినది. మన దేశపు నిబంధనలు కూడ సాఫ్రోల్‌ను కలుపరాదనుచున్నవి. ఆ నిషేధపు పట్టికలోనే బీటా అసరోన్ ఉన్నది. అది మన ఇండ్లలో పసిపిల్లల నాలుకకు రాయు వసకొమ్ములోని పదార్థము.

అసలు దోషము ఎసెన్సుది కాదు, పేరుది. 2011 నాటి ఆహార నిబంధనలు పరిమళద్రవ్యములను ప్రకృతిసిద్ధము, ప్రకృతిసమానము, కృత్రిమము అని మూడు తెగలుగా విభజించినవి. సీసాపై ఆ మాట అచ్చు వేయవలెను. చిన్న అక్షరములలోనైనను వేయుదురు. బండిమీది గ్లాసునకు చీటీ ఎక్కడిది? వేరు కొని, కడిగి, నారవంటి నడిమి పుల్ల తీసివేసి, నానబెట్టి పాకము చేసినవాడును, ఎసెన్సు చుక్కలు కలిపినవాడును ఒకే పేరుతో అమ్మిన, నష్టపోవువాడు మొదటివాడు. 'రక్తశుద్ధి' అని చెప్పి పిల్లలకు త్రాగించు తల్లులు కొనుచున్నది మాత్రము ఏ గ్లాసులోనైనను ముఖ్యముగా చక్కెరయే.

వేరునకే ఓటు వేయుటకు మరియొక చిక్కు కలదు. రాయలసీమలో నన్నారికి వాడు మారేడుగడ్డ సుగంధిపాల కాదు, వేరొక తీగ. వాసన నిచ్చునది మాత్రము అదే ఆల్డిహైడు. గడ్డ త్రవ్విన తీగ మిగులదు. అడవులలో విచ్చలవిడిగా త్రవ్వుటచే అది అరుదైపోవుచున్నది. కనుక ఎసెన్సు వాడకము అడవికి మేలే కావచ్చును, దాని పేరుతో, దాని ధరకు అమ్మినపుడు.

ఇంటిలో వేరుతో పాకము కాచువారు కూడ ఒక పొరపాటు చేయుచుందురు. ప్రక్కప్రక్కన ఉన్న ఆ రెండు గుంపులు ఒకదానినొకటి పట్టుకొనియుండుటచే ఈ ఆల్డిహైడు నీటిని అంతగా అంటిపెట్టుకొనదు, ఆవిరితో లేచిపోవును. మూతలేని గిన్నెలో ఇల్లంతయు గుమగుమలాడువరకు మరిగించిరా, సీసాలోనికి చేరవలసినది ఇంటి గోడలకు చేరినదన్నమాట.