లొల్లిలో లెక్క

పసుపు ఉడకబెట్టే రోజులు. మా ఏర్గట్లలో ఆ కొన్ని వారాలు ఏ కల్లం దగ్గర నిలబడ్డా కళ్ళద్దాల మీద ఆవిరి, ముక్కులో పచ్చి పసుపు వాసన. బాయిలర్‌కు కాస్త ఎడంగా మంచమేసుకుని కూర్చున్నాను. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివే మేనల్లుడు ఫోన్ పట్టుకుని వచ్చాడు.

"మామా, గిది జర ఇను. మన హైదరాబాదోళ్ళే. అండర్‌గ్రౌండ్ బ్యాండు."

"ఏ దళంరా?" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. వాడి తప్పేం లేదు. ఈ జిల్లాలో నా వయసు వాళ్ళకు ఆ మాటకు ఒకటే అర్థం: ఇల్లూ వాకిలీ విడిచి అడవి పట్టడం. గద్దర్ 1985 నుంచి 1990 దాకా అట్లాగే అజ్ఞాతంలో ఉన్నాడు. మనిషి జాడ లేదు గానీ పాట క్యాసెట్లలో ఊరూరా తిరిగింది.

మావాడు చెప్పే అండర్‌గ్రౌండ్‌కు కూడా క్యాసెట్టే తల్లి అని తర్వాత తెలిసింది. 1980లలో రేడియోలు వేయని, పెద్ద కంపెనీలు ముట్టని బ్యాండ్లు తమ పాటలను క్యాసెట్లకెక్కించి పోస్టులో పంపుకునేవి. అందుకున్నవాడు ఇంకో కాపీ తీసి మరొకరికి పంపేవాడు. డెత్ మెటల్ అట్లా కవర్లలో దేశాలు తిరుగుతూ పెరిగిన సంగీతం. 'డెత్' అనే అమెరికా బ్యాండు 1987లో తెచ్చిన 'స్క్రీమ్ బ్లడీ గోర్'ను ఆ బాణీలో తొలి ఆల్బంలలో ఒకటిగా చెబుతారు. మావాడు వినిపించబోయేది ఆ వంశంలోదే. బ్యాండు పేరు గాడ్‌లెస్. వీళ్ళవి 2016లో 'సెంచరీస్ ఆఫ్ డికేడెన్స్', 2018లో 'స్వార్మ్' అని రెండు చిన్న ఆల్బంలు వచ్చాయి. 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' అనే నిండు ఆల్బం వచ్చింది. బ్యాండు పేరుకు తెలుగులో అర్థమేమిటో బాయిలర్ కింద కట్టె ఎగదోస్తున్న మా అక్కకు తెలియదు. మంచిదే అయింది.

మొదట ఫోన్ స్పీకర్‌లోనే పెట్టాడు. రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడ్డట్టుంది. అర నిమిషానికే "ఆపరా, గిదేం లొల్లి" అన్నాను. అప్పుడు వాడు చెవుల్లో పెట్టుకునే తీగలిచ్చాడు. అసలు సంగతి అక్కడుంది. ఫోన్‌లోని చిన్న స్పీకర్‌కు మంద్ర స్వరాలు పలికే శక్తి లేదు. ఈ సంగీతం సగానికి సగం ఆ కింది అంతస్తులోనే ఉంటుంది. కింది అంతస్తు తీసేస్తే మిగిలేది రొద. నేను అప్పటిదాకా విన్నది అదే.

రెండోసారి విన్నప్పుడు ముందు పట్టుకున్నది గొంతు. పాడేవాడికి ఏదో అయిందనుకున్నాను. గుహలోంచి వచ్చే ఉరుము లాంటి శబ్దం. ఇది అరుపు కాదు, అరిస్తే రెండు పాటలకే గొంతు పోతుంది. మనం మాట్లాడే స్వరతంత్రుల పైన ఇంకో జత మడతలున్నాయి. మామూలుగా వాటితో పలకం. వీళ్ళు పొట్టలోంచి ఊపిరిని అదుపుగా వదిలి ఆ పై మడతలను కూడా కదిలిస్తారు. మన ఆసియాలోనే తువా ప్రాంతపు పశువుల కాపరులు 'కర్గిరా' అనే పద్ధతిలో ఆ మడతలతోనే పాడతారు. ఈ గొంతును సాధనతో నేర్చుకోవాలి, తప్పుగా చేస్తే నొప్పి పుడుతుంది. మన దగ్గర కూడా తెల్లవార్లూ ఒగ్గు కథ చెప్పే కళాకారుడి గొంతు మూడో జాముకు బరువెక్కి గీరుకుపోతుంది. దాన్ని ఊళ్ళో ఎవరూ అపస్వరం అనరు. కథ ఇప్పుడే కాకకొచ్చిందంటారు.

ఇక గిటారు. దీని బొంగురు వెనక ఒక ఫ్యాక్టరీ ప్రమాదముంది. 1965లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో టోనీ అయోమీ అనే పదిహేడేళ్ళ కుర్రాడు రేకులు కోసే మిషన్ దగ్గర పని చేసేవాడు. కుడిచేతి రెండు వేళ్ళ కొసలు అందులో పోయాయి. ఎడమచేతి వాటం వాడు కాబట్టి తీగలు నొక్కాల్సినవి ఆ వేళ్ళే. సబ్బునీళ్ళ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, వాటి మీద తోలు ముక్కలు అతికించుకున్నాడు. మామూలు తీగలు నొక్కలేక సన్న తీగలు వేశాడు, తర్వాత వాటిని ఇంకా వదులు చేసి శ్రుతి దించాడు. అతను వాయించిన బ్లాక్ సబ్బాత్ బ్యాండు 1971 ఆల్బంలో వినబడే ఆ బరువైన నాదం అట్లా వచ్చింది. తర్వాత వచ్చిన డెత్ మెటల్ వాళ్ళు ఇంకా కిందికి దిగారు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరుకు బండ్లతో పాటు వెళ్ళి ఆ మిషన్ల ధ్వని విన్నవాణ్ణి నేను. కడుపులో తెలిసే ధ్వని అది. 2015లో ఫ్యాక్టరీ మూతపడ్డాక మళ్ళీ అట్లాంటిది కడుపులో తెలిసింది ఈ తీగల్లోంచే.

బొంగురుకు ఇంకో కారణం యాంప్లిఫయర్. అది మోయగలిగినదానికన్నా ఎక్కువ శబ్దాన్ని దాని మీద వేస్తారు. అలల శిఖరాలు తెగిపోతాయి, తెగిన చోట కొత్త ఉపస్వరాలు పుడతాయి. అప్పుడు మూడు నాలుగు స్వరాలు కలిపి మీటితే బురద అవుతుంది. అందుకే వీళ్ళు ఎక్కువగా రెండే వాయిస్తారు: షడ్జమం, పంచమం. ఈ మాట దగ్గర నేను మంచం మీద నిటారుగా కూర్చున్నాను. తంబురా పలికేది కూడా అవే కదా! ఆ తంబురాలో గుర్రం మీద తీగ కింద చిన్న దారప్పోగు పెట్టి, అది 'జుయ్' అనే దాకా అటూ ఇటూ జరిపే పనిని మనవాళ్ళు తరతరాలుగా చేస్తున్నారు. శుభ్రమైన తీగకు ప్రాణం లేదని, కొంచెం జీర కలిస్తేనే నాదమని మన చెవికి ఎప్పుడో తెలుసు. వీళ్ళు ఆ జీరను పాట నిండా పరిచారు, అంతే తేడా. కొంచెం ఎక్కువే పరిచారనుకోండి.

డ్రమ్ముల దగ్గర మాత్రం నేను చాలాసేపు ఆగిపోయాను. బ్లాస్ట్ బీట్ అంటారట. చేతిదొకటి, కాలిదొకటి, ఒకదాని వెనక ఒకటి దెబ్బలు. నిమిషానికి 200 తాళపు లెక్కలు, లెక్కకు నాలుగు దెబ్బలు వేస్తే సెకనుకు పదమూడు పైచిలుకు. భుజంతో కొడితే ఎవడూ ఇంతసేపు కొట్టలేడు. పుల్ల తోలు మీంచి తనంతట తాను ఎగిరివస్తుంది. ఆ ఎగురును వేళ్ళతో పట్టి మళ్ళీ కిందికి పంపడమే విద్య. మా ఊళ్ళో డప్పు కొట్టేవాళ్ళ ఎడమచేతిలో సన్నటి చిటికెన పుల్లను చూడండి, అదే పని. కుడిచేతి సిర్ర బరువు దెబ్బ వేస్తుంటే చిటికెన పుల్ల దాని సందుల్లో చిటపటలాడుతుంది. దూరం నుంచి వింటే ఒకటే మోత. పక్కన నిలబడితే ఎవరి లెక్క వారిది.

వీళ్ళను కొత్త ప్రయోగాలు చేసేవాళ్ళని మావాడు మెచ్చుకున్నాడు గానీ నాకట్లా అనిపించలేదు. గురువుల బాణీని ఇంత నిష్ఠగా పట్టుకున్నవాళ్ళను సంప్రదాయవాదులనాలి. నా ఫిర్యాదు ఒక్కటే. పాట ఇంగ్లీషులో ఉంది, ఆ ఇంగ్లీషు మావాడికీ తెలియలేదు. మాట చివర ఎక్కువగా అచ్చు మీదే ఆగే మన తెలుగు ఆ ఉరుములో పడితే ఎట్లా ఉంటుందో ఎవరైనా వినిపిస్తే బాగుండు.

సాయంత్రం కల్లంలోకి కాక వచ్చాడు. మా ఊరి పెళ్ళిళ్ళకూ చావులకూ నలభై ఏళ్ళుగా డప్పు కొడుతున్న మనిషి. నేను వయసు మీద గౌరవంతో కాక అంటాను. డప్పు మోగని ఊరేగింపు మాకు లేదు, ఆ డప్పు పట్టిన చేతులను మాత్రం ఊరు చాలాకాలం దూరంగానే నిలబెట్టింది. కాక చెవుల్లో ఆ తీగలు పెట్టి అదే పాట వేశాను. నాలాగా ఆపమనలేదు. కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి ఎడమచేతి చూపుడువేలు మోకాలి మీద ఆడటం మొదలైంది.

పాట అయిపోయాక, "తోలేందిది?" అని అడిగాడు.

"తోలు గాదు కాకా, ప్లాస్టిక్" అన్నాను. 1950ల చివర్లో అమెరికాలో పాలియెస్టర్ పొరతో డ్రమ్ముల మూతలు చేసి అమ్మడం మొదలుపెట్టారని, ఇప్పుడు ఎక్కువమంది వాడేది అదేనని నాకు తెలిసినంత చెప్పాను.

కాక బాయిలర్ కింది మంట వైపు చూశాడు. ఎన్నేళ్ళుగానో ప్రతి ఊరేగింపుకు ముందు గడ్డి మంట వేసి, డప్పును దాని మీద తిప్పుతూ, వేలితో తట్టి చూసుకుంటూ, తోలు బిగిసి ఖణేల్‌మనే దాకా కాచిన మనిషి.

"అయితే వానల గూడ కొట్టొచ్చన్నట్టు" అన్నాడు.