ఏ పనీ చేయని వాక్యం

సీలేరు పవర్‌హౌస్‌లో 60 మెగావాట్ల యూనిట్లు నాలుగున్నాయి. వాటి స్థితి చూపించే ప్రోగ్రామ్ ఒకటి రాయాలనుకుందాం. నడుస్తోంది, ఆగింది, మరమ్మతులో ఉంది: మూడు మాటలు, మాటను బట్టి దారి ఎంచే స్విచ్ వాక్యంలో మూడు కేసులు. ఇప్పుడు అదే సీలేరులో 1350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కేంద్రం కట్టాలని ఏపీ జెన్‌కో తలపెట్టింది. అటువంటి కేంద్రంలో యంత్రం కరెంటు పుట్టించడంతో ఊరుకోదు, కరెంటు మిగిలిన వేళ కింది నీళ్లను పైకి తోడుతుంది కూడా. నాలుగో స్థితి వచ్చిపడింది: తోడుతోంది. పాత స్విచ్‌కి ఆ మాట తెలియదు. మూడు కేసుల్నీ దాటుకుని చడీచప్పుడు లేకుండా బయటపడుతుంది. కరెంటు ఇస్తోందా, లాగుతోందా అన్న తేడా లెక్కలోకే రాదు.

ఇలాంటి లోటును ప్రోగ్రామ్ నడవకముందే పట్టేది టైప్ చెకింగ్. టైప్‌స్క్రిప్ట్ భాషలో ఈ శక్తి 2016లో, 2.0 వెర్షన్‌తో వచ్చింది. మరి ఆ చెకర్ సరిగా పట్టిందని తేల్చేదెలా? అందుకోసం ఆ భాషను తయారుచేసేవాళ్లు రాసుకున్న పరీక్షల్లో ‘డిస్క్రిమినేటెడ్ యూనియన్ టైప్స్ 1’ అనే ఫైలు నాకు ఎంతో ఇష్టం. అది చదవదగ్గ రచన.

మొదటి సగంలో చతురస్రం, దీర్ఘచతురస్రం, వృత్తం, వాటి వైశాల్యాలు. పాఠ్యపుస్తకాల సరుకే. అసలు పనితనం రెండో సగంలో ఉంది. అక్కడ ఒక సందేశానికి నాలుగు రూపాలు, ‘ఏ’ నుంచి ‘డి’ దాకా నాలుగు గుర్తులు. రూపానికో గుర్తు ఇచ్చి ఊరుకుంటే పరీక్ష తేలికయ్యేది. రాసినవాళ్లు కావాలనే కలగలిపారు: రెండో రూపం ‘బి’ కావచ్చు, ‘సి’ కావచ్చు. మూడోది ‘సి’ కావచ్చు, ‘డి’ కావచ్చు. నాలుగోది ‘డి’ మాత్రమే. కాబట్టి ‘డి’ కేసులోకి అడుగుపెట్టిన చెకర్ ఒక్క రూపాన్ని పట్టుకుని తృప్తిపడకూడదు, రెండింటినీ గుర్తుంచుకోవాలి. నిజజీవితంలో గుర్తులు ఇలాగే కలుస్తాయి. ‘ఆగింది’ అన్న మాట సీలేరు పాత టర్బైన్‌కీ చెల్లుతుంది, నీళ్లు తోడే కొత్త యంత్రానికీ చెల్లుతుంది.

ఇక ప్రతి కేసు కిందా ఒక వింత వాక్యం. ‘ఎం’ అనే చలరాశి పేరు, సెమికోలన్, అంతే. లెక్క కట్టదు, దేన్నీ పిలవదు, మార్చదు. మామూలు ప్రోగ్రామ్‌లో కనిపిస్తే వెంటనే చెరిపేస్తాం. ఇక్కడ మాత్రం అదే ప్రాణం. పరీక్ష నడిచినప్పుడు కంపైలర్ ప్రతి వరుస కిందా, అందులోని ప్రతి పదానికీ ఆ చోట తాను ఏ టైప్ అనుకుంటోందో రాసి ఒక ఫైలు తయారుచేస్తుంది. ఆ ఒంటరి ‘ఎం’ పక్కన, ఈ మలుపులో ఏయే రూపాలు మిగిలాయో నమోదవుతుంది. అన్ని గుర్తులూ అయిపోయాక వచ్చే డిఫాల్ట్‌లో ‘నెవర్’ అని పడుతుంది, అంటే ఇక్కడికి ఏదీ రాలేదని. దొంగ దొరికాడా లేదా అన్నంతవరకే చూసే పరీక్షలు చాలా ఉంటాయి. ఇది తప్పులేని కోడ్‌లో కూడా చెకర్ అడుగడుగునా ఏమి తెలుసుకుందో రాయిస్తుంది. పాత నమోదుతో కొత్తది ఒక్క అక్షరం తేడా వచ్చినా పరీక్ష తప్పుతుంది. ఆ తేడా కావాలని చేసిందా, పొరపాటా అన్నది మనిషే చదివి తేల్చాలి. ఆ భారాన్ని మనిషి మీదే ఉంచడం నాకు సబబుగా తోస్తుంది.

మొదటి సగంలోనూ ఒక ఆణిముత్యం ఉంది, ‘అసర్ట్ నెవర్’ అనే చిన్న ఫంక్షన్. అది ‘నెవర్’ని తప్ప మరేదీ పుచ్చుకోదు. ఒకచోట దాన్ని డిఫాల్ట్‌లో పిలిచారు, మరోచోట స్విచ్ పూర్తిగా ముగిశాక. జనం రెండు విధాలా రాస్తారు. డిఫాల్టే లేని రెండో తీరులో, కేసులన్నీ జవాబు ఇచ్చి వెనక్కి మళ్లాయి కాబట్టి ఈ వరుసకు ఏదీ చేరదని చెకర్ తనంతట తానే గ్రహించాలి. మన యూనిట్ల ప్రోగ్రామ్‌లో ఈ ఫంక్షన్ ఉండి ఉంటే, టైప్‌లో ‘తోడుతోంది’ని చేర్చిన క్షణాన దాన్ని పిలిచిన ప్రతి చోటా ఎర్ర గీత పడేది. అంతటితో దాని పని తీరదు. టైప్‌లు కంపైల్ అయ్యేదాకానే, ఆపై నడిచే జావాస్క్రిప్ట్‌లో వాటి జాడ ఉండదు. యంత్రం నుంచి వచ్చే డేటాలో ఎవరూ ఊహించని మాట దూరితే ఆపేందుకు అక్కడ టైప్ చెకర్ ఉండదు. ఈ ఫంక్షన్ మాత్రం ఉంటుంది. ఎర్రర్ విసిరి ప్రోగ్రామ్‌ను ముందుకు పోనివ్వదు.