ఇంటిపేరు రహస్యమా?

"మీ అమ్మగారి పుట్టింటి వాళ్ల ఇంటిపేరేమిటి?" ఖాతా భద్రత కోసమని కంప్యూటరు అడిగే పాత ప్రశ్న ఇది. జవాబు మనకు తప్ప ఇంకొకరికి తెలవదని వాళ్ల ధీమా. అంగలకుదురు మాలపల్లెలో పుట్టినోడికి నవ్వొస్తుంది. మాయమ్మ నాట్లకు పోతే గట్టు మీద నిలబడ్డ ఆసామికి ఆమె ఇంటిపేరే కాదు, ఆమె నాయన ఇంటిపేరు కూడా తెలుసు. ఇంటిపేరు చెప్తే పల్లె తెలిసిపోద్ది, పల్లె తెలిస్తే గ్లాసు వేరయిపోద్ది. మాకది ఏనాడూ రహస్యం కాదు, ఆనవాలు.

ఇప్పుడు నేను చేసేది కంప్యూటర్లకు కాపలా. సైబర్ సెక్యూరిటీ అంటారు. ఈ వృత్తిలో రానివ్వకూడని వాటి పట్టిక బ్లాక్‌లిస్టు, రానివ్వాల్సిన వాటిది వైట్‌లిస్టు. దొంగ హ్యాకరుది నల్లటోపీ, మంచోడిది తెల్లటోపీ. హుకుం చేసే యంత్రం మాస్టరు, చెప్పింది చేసేది స్లేవు. ఏళ్ల తరబడి నేనూ అట్లాగే రాశా. తెలుగు పేపర్లు దాన్ని 'నల్లజాబితా' చేస్తే అదీ చదువుకున్నా. 'నలుపు' అని పత్రికకే పేరు పెట్టుకున్న జనం మనం!

మాస్టరు, స్లేవు మాటల్ని జాంగో 2014లో వదిలేసింది, పైథాన్ 2018లో చాలావరకు వదిలింది. బ్రిటన్ జాతీయ సైబర్ భద్రతా కేంద్రమైతే 2020లో ఒక్కరు రాసి అడిగితే బ్లాక్‌లిస్టు, వైట్‌లిస్టు తీసేసి డినై లిస్టు, అలౌ లిస్టు పెట్టుకుంది. పట్టిక ఏం చేస్తదో కొత్త మాటే చెప్తుంది, రంగుతో పనిలేదు.

మా ఆఫీసులో తెలుగోళ్లు ఎగతాళి చేశారు. "మాట మారిస్తే వైరస్ ఆగుద్దా గురూ?" నేనూ వాళ్లతో కలిసి నవ్వాను. సిగ్గుగా ఉంది చెప్పుకోటానికి. 'హరిజన' వద్దు, 'దళిత' అందామన్నప్పుడు మన పెద్దోళ్లు పడ్డ ఎగతాళి ఇదే గదా! అయితే అప్పుడు పేరు మార్చుకుంది మనం, మనకోసం. ఇప్పుడీ సవరణల్లో మనం ఎక్కడున్నాం?

ఒక శిక్షణలో సైబర్ దాడుల గురించి చెప్తా వక్త ఒక దేశాన్ని 'పరయా స్టేట్' అన్నాడు. వెలేసిన దేశం అని అర్థం. ఇంగ్లీషోడు ఆ మాట తీసుకుంది తమిళనాటి పరయర్ల పేరు నుంచి. పరై అంటే డప్పు. మన తోబుట్టువుల కులం పేరే లోకమంతటికీ తిట్టయింది. బ్లాక్‌లిస్టు తీసేసిన గదిలోనే ఇది వినపడింది, ఒక్కరికీ చురుక్కుమనలా. నేనూ చెయ్యెత్తలా.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర కొత్తగా చేరిన తెలుగాయన క్యారేజీ విప్పుతా మెల్లగా అడిగాడు. "ఇంతకీ మీ ఇంటిపేరేమిటండీ?" పాస్‌వర్డు ఎవరూ అడగకూడదని గోడ మీద కాగితం అంటించి ఉంది. దీనికి మాత్రం కాగితం లేదు.

"మాలోళ్లమండీ. అంగలకుదురు" అన్నా.