ఇగము — శబ్దార్థ విచారము

2016 వఱకు నల్లగొండ మండలమున నొక్కటిగా నుండిన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములందు మిక్కుటమైన చలికి 'ఇగము' అను పేరు గలదు. 1967లో నాగార్జునసాగరపు టెడమకాలువకు నీరు విడిచిన పిదప నీ సీమ వరిపొలములకుఁ బేరొందెను. యాసంగి నాట్లకు వేకువనే మడిలో దిగినవారు "ఇగానికి కాళ్లు కొంకర్లు పోతున్నయి" అందురు. ఈ మాట బాలుర వ్రాఁతలోఁ గనఁబడినచో గ్రామ్యమని కొట్టివేసి 'చలి' యని దిద్దు పండితులు గలరు. ఆ దిద్దుబాటు యుక్తమా యనునది విచారణీయము.

హిమశబ్దమునకు 'ఇవము' వికృతి యగుట సుప్రసిద్ధము. పదాదిహకారము లోపించుట 'హింగు' 'ఇంగువ' యైనచోటను, 'హంస' 'అంచ' యైనచోటను గన్నదే. వకార గకారముల మాఱుపాటు పవలు-పగలు, పవడము-పగడము అను జంటలవలనఁ దెలియును. కావున నివమే యిగమైనదనుట కడ్డు లేదు. పగలును, పగడమును గ్రంథములకెక్కించుకొని యిగమును మాత్రము వెలివేయుట న్యాయము గాదు.

రూపము సాధువే యైనను అర్థము చెడినదని మఱికొంద ఱాక్షేపింపవచ్చును. హిమమనఁగా మంచు, మంచుగడ్డ కురియని సీమవారు దానిని చలికిఁ జెప్పుట పొరపాటని వారి భావము. దీనికి నమరకోశమే సమాధానము. అందు దిగ్వర్గమున హిమశబ్దము నీహార తుహినాదులతోఁ గూడి మంచునకుఁ బర్యాయముగాఁ జదువఁబడినది. ఆ వెంటనే శిశిర శీతలాదులతోఁ గూడి చల్లనిదానికి విశేషణముగాను జెప్పఁబడినది. ఈ రెండవ యర్థమే యీ సీమ వాడుకలో నిలిచినది. ఇది యర్థభ్రంశము గాదు, అర్థరక్షణము.

'ఇఁక' యను నర్థమున నచట వినఁబడు 'ఇగ' యను నవ్యయముతోఁ గాని, నీరు ఇగురుటతోఁ గాని దీనికి సంబంధము లేదు. ధ్వనిసామ్యముచే భ్రమపడరాదు.

'చలి' యని దిద్దుటచే నష్టమును గలదు. చలి సామాన్యము, జ్వరమునఁ బుట్టు వడఁకునకును జెల్లును. చలువ హితమైనది, వేసవిలోఁ గోరఁబడునది. మంచు కంటికిఁ గనఁబడునది. ఇగము కంటికిఁ గానరాదు, ఎముకకుఁ దెలియును. తాఁకిన వ్రేళ్లను మొద్దుబార్చును. ఈ తారతమ్యము నొక్కమాటలోఁ దెలుపు పదమును ద్రోసివేసినచో భాష కొఱఁత వడును.

కావున బాలుఁడు 'ఇగము' అని వ్రాసినచోఁ గొట్టివేయక, ప్రక్కన 'హిమము' అని ప్రకృతిని వ్రాసి చూపుట పండితులకుఁ దగిన పని. తన యింటిమాటకును అమరమునకును గల చుట్టఱికము వాని కప్పుడు తెలియును.